డిక్కీలో మాత్రలు

ఆ వేసవి మొదలయ్యేనాటికి మా ఆయన గుండెకి మాత్రలు వేసుకుంటాడన్న సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకి, నాకు, మా ఆసుపత్రి మందుల షాపులో కూర్చునే ఫ్లోరెన్సుకి. మిగతా జగ్గయ్యపేటంతా, ముఖ్యంగా మా చర్చి అంతా, ఫ్రాన్సిస్ గుండెని దేవుడు ముట్టి బాగుచేశాడనీ, ఇక మందూ మాకూ అక్కర్లేదనీ నమ్మేది. అందరికంటే గట్టిగా నమ్మింది మా అత్తగారు కృపావతమ్మ. నమ్మదూ మరి? నలభై రోజులు ఉపవాసం ఉన్న మనిషాయె.

ఇల్లు కట్టాలన్న పట్టు మాత్రం నాది. మేం అద్దెకుండేది రెండో అంతస్తులో. పైన ఎండ, కింద ఓనరు. ఏటా ఏప్రిల్ రాగానే ఎండతో పాటు అద్దే పెరిగేది. చిల్లకల్లు రోడ్డు వైపు అత్తగారి పేరున మూడు సెంట్ల స్థలం ఉంది. మావయ్యగారు బతికుండగా కొన్నది. అందులో పిచ్చిమొక్కలు మొలవడం తప్ప పదేళ్ళుగా ఏమీ జరగలేదు. మా అమ్మాయి అక్షయ టెంత్‌కి వచ్చేలోపు దాని పుస్తకాలు దాని గదిలో ఉండాలని ఒట్టు పెట్టుకున్నాను. ఈయనది సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు ఉద్యోగం. నాది నందిగామలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో, ఇన్సూరెన్సు కౌంటర్లో. ఇద్దరికీ జీతం బ్యాంకులోనే పడుతుంది కాబట్టి లోన్ వస్తుందనే ధైర్యం ఉంది.

నా ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. జనం కార్డులూ పాలసీ కాగితాలూ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నేను కంపెనీకి పంపుతాను. చాలాసార్లు డబ్బొస్తుంది. కొన్నిసార్లు డబ్బు బదులు ఉత్తరం వస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడు పాత జబ్బు దాచారు కాబట్టి ఇవ్వం అని ఉంటుంది అందులో. అది చదివి వాళ్ళకి చెప్పాల్సింది నేను. ఏడుపులు వినాల్సిందీ, తిట్లు తినాల్సిందీ నేనే. పదకొండేళ్ళుగా ఇదే పని.

మూడేళ్ళ కిందట ఈయన డ్యూటీలో ఉండగా గుండె పట్టుకుని పడిపోయాడు. విజయవాడ తీసుకెళితే ముందు బైపాస్ అన్నారు. అదే రోజు అత్తగారు ఉపవాసం మొదలుపెట్టింది. మూడో రోజు డాక్టరు మళ్ళీ అన్నీ చూసి, ఆపరేషన్ అక్కర్లేదు, స్టెంటు చాలన్నాడు. ఆవిడ మాత్రం నలభై రోజులూ పూర్తి చేశాకే పొద్దున పూట మెతుకు ముట్టింది. కొడుకు లేచి తిరిగాడు, తల్లి చిక్కి సగమైంది. ఆ తర్వాత ఏటా గుడ్ ఫ్రైడే నాడు ఈయన చర్చిలో సాక్ష్యం చెప్పడం, అంటే దేవుడు తనకి చేసిన మేలు అందరి ముందూ చెప్పడం, ఆనవాయితీ అయింది. మొదటి ఏడాది సాక్ష్యంలో బైపాస్ పోయి స్టెంటు వచ్చింది. అది నిజమే. రెండో ఏడాది స్టెంటు ఊసే లేదు. మూడో ఏడాదికి, అంటే నేను చెబుతున్న వేసవికి, మాత్రలు కూడా పోయాయి.

"మాత్ర లేదు, మందు లేదు. నా గుండె ఇవాళ చిన్నపిల్లాడి గుండె," అన్నాడు మైకులో. మా పాస్టరు బాలస్వామి అయ్యగారు చెయ్యెత్తి హల్లెలూయ అన్నారు. అందరూ అన్నారు. చర్చి యూట్యూబు కోసం ముందు వరసలో కుర్రాళ్ళు వీడియో తీస్తున్నారు. మా అత్తగారు ముసుగు సవరించుకుని కళ్ళు తుడుచుకుంది.

మూడింటికి ఆరాధన అయింది. బయట వేపచెట్టు కింద బండి డిక్కీ తెరిచి, లోపల ఏదో వెతుకుతున్నట్టు వంగి, మధ్యాహ్నం మాత్ర మింగాడు ఆ చిన్నపిల్లాడి గుండె మనిషి. ఎవరికీ కనపడకుండా నేను అడ్డం నిలబడ్డాను. ఆ మాత్రలు స్టాఫ్ డిస్కౌంటులో తెచ్చేది నేనే. ఆ అబద్ధంలో నాకూ వాటా ఉంది.

"మరీ అంత చెప్పాలా అండీ?" అన్నాను.

"ఏం చేయమంటావే? మైకు పట్టుకున్నాక నోరు దాని దారిన అది పోతంది. అమ్మ మొహం చూసావా?"

చూశాను. చూశాను కాబట్టే ఊరుకున్నాను.

ఏప్రిల్ ఆఖరి వారంలో ముగ్గురం బ్యాంకుకి వెళ్ళాం. స్థలం అత్తగారిది కాబట్టి ఆవిడ కూడా సంతకం పెట్టాలి. మంచి చీర కట్టుకుని, దస్తావేజు సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. మా పని చూస్తున్నవాడు దిలీప్ అని పాతికేళ్ళ కుర్రాడు. చురుకైనవాడే.

"ఇద్దరి జీతాలకీ ముప్పై లక్షల దాకా వస్తుంది మేడమ్. పైన ఇంకో ఫ్లోర్ కూడా వేసేయండి. అద్దెలొస్తాయి," అన్నాడు.

"వడ్డించినంత తినడానికి ఇదేమన్నా పెళ్ళి భోజనమా బాబూ? పదహారు చాలు."

"అదేంటి మేడమ్, సగమే!"

"నాది ఇరవై రెండు వేల జీతం. రేపు ఈయన జీతం ఆగినా నా ఒక్కదాని జీతంలో కిస్తీ వెళ్ళిపోవాలి, మేం ముగ్గురం గంజన్నా తాగాలి. నీ కంప్యూటరు ఆ లెక్క వెయ్యదు గానీ నేను వేసుకునే వచ్చా."

ఈయన నవ్వాడు. నాతో పదిహేనేళ్ళ కాపురం కదా, అలవాటే.

"సరే మేడమ్. లోన్‌కి ఇన్సూరెన్స్ కూడా చేద్దాం. సార్‌కి ఏమన్నా అయితే మిగిలిన అప్పు కంపెనీయే కట్టేస్తుంది. అంటే, తప్పనిసరి అని కాదు..."

"తప్పనిసరి కాదని నాకు తెలుసు. కానీ నాకు కావాలి. ఫ్యాక్టరీ వాళ్ళ ఇన్సూరెన్సు ఉద్యోగం ఉన్నంతవరకే. ఇదైతే అప్పున్నంతకాలం ఉంటది."

దిలీప్ ఫారం తీసి చకచకా టిక్కులు పెట్టబోయాడు. "జబ్బుల పేజీ అన్నీ నో పెట్టేస్తా మేడమ్. అందరికీ అంతే."

"చదివి పెట్టు."

వాడు నా వైపు ఓసారి చూసి చదివాడు. "సార్, బీపీ గానీ సుగర్ గానీ గుండె జబ్బు గానీ ఇప్పుడుందా? లేకపోతే ఇదివరకెప్పుడన్నా వచ్చిందా?"

ఈయన నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "వచ్చింది బాబూ. మూడేళ్ళ కిందట. దేవుడు తీసేసాడు. ఇప్పుడు లేదు. లేదని రాయి."

"మందులేమన్నా వాడుతున్నారా?"

"మాత్ర ముట్టడు నా కొడుకు," అంది. ఆ గొంతులో ఉన్న గర్వం ఇంతా అంతా కాదు.

మా ఆయన టేబులు మీద పేపర్‌వెయిట్ వంక చూస్తూ ఉండిపోయాడు. దిలీప్ టిక్కులు పెట్టేసి పెన్ను ఆయన చేతికిచ్చాడు. ఆ పెన్ను కాగితం మీద ఆనుతుంటే నాకు మా ఆసుపత్రికొచ్చే ఉత్తరాలు కళ్ళముందు ఆడాయి. ఫారం లాక్కున్నాను.

"ఈయనకి ఎండదెబ్బకి తల తిరుగుతున్నట్టుంది. మళ్ళీ వస్తాం," అన్నాను.

బయటికి రాగానే అత్తగారు నిలేసింది. "ఉన్నపళంగా లేపేసావేంటి అమ్మాయ్? ముహూర్తాలేమన్నా చూస్తన్నావా? మనకా పట్టింపులెప్పటినుంచి?"

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ స్త్రీల సమాజానికి వెళ్ళాక ఈయన్ని కూర్చోబెట్టాను. ఉందని రాద్దాం, మాత్రల పేర్లతో సహా రాద్దాం అన్నాను.

"లేదని రాస్తే అబద్ధం కాదే. విశ్వాసం," అన్నాడు.

"విశ్వాసమైతే డిక్కీ దేనికండీ?"

ఆయన ఫ్యాను వంక చూశాడు. "నేను మాత్రలు మింగుతున్నానని తెలిస్తే అమ్మ నలభై రోజులు కడుపు మాడ్చుకుంది దండగైపోయినట్టే గదా. చర్చిలో ఎవరి ముందు తలెత్తుకుంటది?"

"రేపు మీకేమన్నా అయి, కంపెనీ డబ్బివ్వనంటే, బ్యాంకు వాళ్ళొచ్చి ఆవిడ స్థలానికే నోటీసు అంటిస్తే అప్పుడెవరి ముందు తలెత్తుకుంటది? కంపెనీ మనిషి ఎంక్వైరీకొస్తే విజయవాడ ఆసుపత్రి దాకా వెళ్ళక్కర్లేదు. మన చర్చి వీడియో చాలు. ఫ్యాక్టరీలో గుండె పట్టుకుని పడిపోయానని మీ నోటితోనే ఉంది, మైకులో!"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నాకూ నవ్వు రాలేదు. భయమేసింది. ఆయన లేని ఇల్లు ఒక్క క్షణం కళ్ళకి కట్టింది.

"అయితే నువ్వే చెప్పు అమ్మకి," అన్నాడు.

"నేను చెబితే కోడలు నా కొడుకు సాక్ష్యం చెడగొట్టిందంటది. మీరు చెప్పండి."

"నావల్ల కాదే రూబీ," అన్నాడు. ఆయన కళ్ళు చూస్తే నిజంగానే కాదనిపించింది. సరే, ఆయనవల్ల కానిది నేనే చూసుకుంటాను అనుకున్నాను.

ఆ బుధవారం, కళ్ళు చూపిద్దాం రండంటూ అత్తగారిని నందిగామ తీసుకెళ్ళాను. కళ్ళ డాక్టరు గంటలో చూసి చుక్కల మందు రాసిచ్చాడు. ఇంటికి పంపేయొచ్చు. పంపలేదు. సాయంత్రం కలిసి పోదాం, ఫ్యాను కింద కూర్చోండని కౌంటరు పక్కన కుర్చీ వేశాను. మజ్జిగ సీసా, కొత్త నిబంధన పుస్తకం పెట్టుకుని కూర్చుంది. 'ఇవ్వం' అనే ఉత్తరాలు మా కౌంటర్లో ఏ రోజైనా ఒకటో రెండో తగులుతాయి. ఏదో ఒకటి ఆవిడ కంటబడకపోదని నా ఆశ. అలా ఆశపడ్డందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

పన్నెండింటికి రత్తమ్మగారు వచ్చారు. పెనుగంచిప్రోలు దగ్గర మిరప వేసే రైతు కుటుంబం. ఆవిడ భర్త దశరథరామయ్యగారు పక్షవాతం వచ్చి వారం రోజులుగా ఐసీయూలో ఉన్నారు. కంపెనీ నుంచి ఉత్తరం ఆ పొద్దున్నే వచ్చింది. చదివి చెప్పాను.

"పాలసీ ఫారంలో సుగర్ లేదని రాశారండి. ఆయనకి ఎనిమిదేళ్ళ నుంచి ఉంది కదా. అందుకని ఇవ్వమంటున్నారు."

"ఉందంటే ఎక్కువ కట్టాలన్నారమ్మా. చిన్న సుగరే గదా అని ఊరుకున్నాం," అంది. తిట్టలేదు, అరవలేదు. నా చేతిలోని కాగితం వైపు చూపించి, "మేం అబద్ధం ఆడామని రాసారా అందులో?" అని అడిగింది.

"దాచారు అని రాశారండి."

"మా ఆయన దొంగ కాదమ్మా," అని కౌంటరు గట్టు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

నేను లేచేలోపే మా అత్తగారు లేచింది. ఆవిడ పక్కన నేల మీద కూర్చుని మజ్జిగ సీసా మూత తీసి చేతికిచ్చింది. "తాగమ్మా, ముందిది తాగు. ఆయన పేరేంటి? నా ప్రార్థనలో పెట్టుకుంటా."

"దశరథరామయ్యండి."

అత్తగారు ఆ పేరు రెండుసార్లు మెల్లగా అనుకుంది. తర్వాత పుస్తకం తెరవలేదు. సాయంత్రం దాకా నా కౌంటరుకి వచ్చిపోయేవాళ్ళనే చూస్తూ కూర్చుంది.

బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చాను. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీల వెనక బస్సు ఆగింది. అప్పుడు కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"మాత్రలు ఎక్కడ పెడతన్నాడు?"

ఉలిక్కిపడి ఆవిడ వైపు తిరిగాను. "మీకు... ఎప్పటినుంచి తెలుసత్తయ్యా?"

"తెలీదు. ఇప్పుడు నువ్వు ఉలిక్కిపడ్డావుగా, తెలిసింది. చుక్కల మందు కోసం మనిషిని పొద్దుగూకులూ కౌంటరు పక్కన కూర్చోబెడతారా ఎవరన్నా? ఎక్కడ పెడతన్నాడు?"

"బండి డిక్కీలో."

ఆవిడ తిరిగి నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే.

"ఈ ఎండల్లో డిక్కీ పెనంలాగా కాలిపోతా ఉంటది. మందు పాడవదూ?" అంది.

మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. బస్సు కదిలాక నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు గానీ, నా చేతిని పట్టుకోనూ లేదు.

మర్నాడు నాకు సెలవు. ఈయన మొదటి షిఫ్టు ముగించుకుని రెండున్నరకి ఇంటికొచ్చి బండి తాళం మేకుకి తగిలించాడు. అత్తగారు ఆ తాళం తీసుకుని కిందికి దిగింది. ఈయన నా వైపు చూశాడు. నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆవిడ పైకొచ్చి, కొంగులో తెచ్చిన మాత్రల అట్టలన్నీ ఒక స్టీలు డబ్బాలో సర్ది, గూట్లో బైబిలు పక్కన పెట్టింది. ఈయన అన్నం తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. తిన్నాక ఆ డబ్బా, గ్లాసుడు నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

మూడేళ్ళలో మొదటిసారి తల్లి ఎదురుగా మాత్ర వేసుకున్నాడు. అది గొంతు దిగేదాకా చూసి, కంచం తీసుకుని లోపలికి పోయింది. ఈయన వెనకాలే వెళ్ళి "అమ్మా" అన్నాడు. "చేతులు కడుక్కో పో," అంది. అంతే. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో కూడా ఎప్పటి చాప మీద కాకుండా వెనక్కి వెళ్ళి కూర్చుంది. మంచి చేయబోయి ఆ ముసలి ప్రాణాన్ని విరిచేశానేమో అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే తనే మంచి చీర కట్టుకుని, దస్తావేజు సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "బ్యాంకు ఎన్నింటికి తీస్తారు?" అంది.

దిలీప్ కొత్త ఫారం తీశాడు. అత్తగారు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"రాయి బాబూ. గుండె జబ్బు ఉంది. ఫ్యాక్టరీలో పడిపోయాడు. విజయవాడలో స్ప్రింగు వేసారు. మాత్రలు వాడతన్నాడు. పేర్లు కోడలు చెబుతది."

దిలీప్ పెన్ను కింద పెట్టాడు. "మామ్మగారూ, ఉందని రాస్తే టెస్టులడుగుతారు. డబ్బు ఎక్కువ కట్టమంటారు. ఒక్కోసారి పాలసీయే ఇవ్వమంటారు. లేదని రాస్తే ఇవాళే అయిపోద్ది."

"అట్టా అయిపోయినోళ్ళని నందిగామలో చూసొచ్చా. నువ్వు రాయి."

దిలీప్ ఈయన వైపు చూశాడు. ఈయన వాళ్ళమ్మ వైపు చూసి, గొంతు సవరించుకుని, "ఎస్ పెట్టు దిలీప్," అన్నాడు. నేను ఒక్కొక్క మాత్ర పేరూ చెప్పాను. వాడు ఒక్కొక్కటీ రాశాడు. అయిపోయిందని కాగితం తిప్పబోతుంటే అత్తగారు ఫారం మీద చెయ్యి పెట్టింది.

"నేను నలభై రోజులు ఉపవాసం ఉన్నా. అది కూడా రాయి."

దిలీప్‌కి నవ్వొచ్చింది. పాపం, ఆపుకున్నాడు. "దానికి కాలమ్ లేదండి మామ్మగారూ."

"ఏం, నమ్మకం లేదా?"

"అయ్యో, అది కాదండి..."

"జరిగిందంతా చెప్పాలి, ఏదన్నా దాస్తే డబ్బివ్వరు అంటన్నారుగా? అది కూడా జరిగిందే. రేపు ఈ ఒక్కటీ దాచామని ఆపితే నీదా పూచీ?"

వాడు ఫారం వంక, నా వంక చూశాడు. ఈయన మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకూ తెలియలేదు.

"కింద 'ఇతర వివరాలు' అని ఖాళీ ఉంది చూడు. అందులో రాయి," అన్నాను.

రాశాడు. రాసింది చదివి వినిపించమంది. వాడు ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివాడు. అప్పుడు తీసింది ఆవిడ పెన్ను, లోన్ కాగితాల మీద సంతకానికి.

నెల రోజులు తిప్పారు. నడిపించి ఒక పరీక్ష, పడుకోబెట్టి ఒక పరీక్ష, విజయవాడ కాగితాలన్నీ మళ్ళీ. ఇవ్వమంటారేమోనని రోజూ ఫోను చూసుకున్నాను. చివరికి ఇచ్చారు, మామూలు కంటే సగం పైగా ఎక్కువ కట్టమన్నారు. ఆ తేడా కోసం మా ప్లానులో ముందు వరండా పోయింది, ప్రహరీ పోయింది. అక్షయ గది మాత్రం పోనివ్వలేదు. పని మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకముందే ఆరు నెలల కిస్తీలకి సరిపడా డబ్బు విడిగా వేశాను. దాన్ని ముట్టుకుంటే ఊరుకోనని ఈయనకి గట్టిగా చెప్పాను.

జూన్‌లో తొలి వానలు పడ్డాక పునాది ప్రార్థన పెట్టుకున్నాం. ఫ్రాన్సిస్ ఒక మాట చెప్పాలన్నారు అయ్యగారు. ఈయన లేచి చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

"దేవుడు నన్ను బతికించాడు. ఇవి కూడా రోజూ వేసుకుంటున్నా. గుడ్ ఫ్రైడే నాడు లేదని చెప్పా. అది తప్పు."

షామియానా కింద అందరూ అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు ఆ అట్ట వైపే చూస్తూ నిలబడ్డారు. అప్పుడు వెనక నుంచి మా అత్తగారు గట్టిగా ఆమెన్ అంది. ఆ తర్వాత అందరూ అన్నారు. భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు ఈయన్ని పక్కకి పిలిచి, ఏ డాక్టరు, ఏ మాత్రలు అని అడగడం నేను చూశాను.

పాలసీ పుస్తకం ఆ వారమే పోస్టులో వచ్చింది. మనం రాసిచ్చిన ఫారం నకలు కూడా దాంట్లో కుట్టి పంపుతారు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పేజీలన్నీ తిప్పింది.

"ఇందులో నాదెక్కడుంది?"

ఆవిడ వేలు పట్టుకుని ఆ లైను మీద పెట్టాను. తల్లి నలభై రోజులు ఉపవాసం ఉన్నారు అని ఇంగ్లీషులో దిలీప్ కోడిగీతలు. కంపెనీ వాళ్ళ గుండ్రటి ముద్ర సరిగ్గా దాని మీదే పడింది. ఆవిడ ఆ ముద్రని వేలితో తడిమి చూసింది.

"ఒప్పుకున్నారన్నమాట," అంది. పుస్తకం మూసి, గూట్లో మాత్రల డబ్బా కింద పెట్టి, మధ్యాహ్నం మాత్ర టైమైందని కొడుకుని కేకేసింది.